బూడిద కలిసిన ఇల్లు

దయామణికి బూడిదతో పేచీ ఇవాళ్టిది కాదు. ఆమె మొగుడు ఫ్రాన్సిస్ బల్కర్ ఎక్కిన ఏడే అది మొదలైంది. బల్కర్ అంటే పెద్ద పొట్టలాంటి ట్యాంకు మోసే లారీ. కృష్ణ ఒడ్డున ఉన్న థర్మల్ స్టేషన్లో బొగ్గు కాలగా మిగిలే బూడిదను ఆ పొట్టలో నింపుకుని, పల్నాడులో ఉన్న సిమెంటు ఫ్యాక్టరీకి తెచ్చి దింపడం ఫ్రాన్సిస్ పని. అది పొయ్యిలో మిగిలే బూడిదలాంటిది కాదు. మొహానికి రాసుకునే పౌడరుకన్నా మెత్తన. చొక్కా కాలరు మడతలోకి, చెవుల వెనక్కి, సెల్‌ఫోను సందుల్లోకి, చివరికి బిగించి మూత పెట్టిన టిఫిను క్యారియరులోకి కూడా దూరేది. అతని బట్టలు ఉతికిన నీళ్ళు పారబోస్తే, అవి పారిన దారి పొడుగునా దొడ్లో బూడిదరంగు చార మిగిలేది.

బట్టలతో బతికే మనిషి గనక దయామణికి అది మరీ కంటగింపు. గురజాలలో అద్దె ఇంటి ముందు గదిలో మిషను వేసుకుని ఆమె జాకెట్లు కుట్టేది. పూసల పని కావాలంటే కారంపూడి నుంచి కూడా ఆడవాళ్ళు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. ఒకసారి ఓ పెళ్ళికూతురి మీగడరంగు పట్టు జాకెట్టు కుట్టడం పూర్తిచేసి మంచం మీద పరిచి ఉంచింది. డ్యూటీ దిగి వచ్చిన ఫ్రాన్సిస్ బాగుందని ముచ్చటపడి చేత్తో నిమిరాడు. నిమిరిన చోటల్లా వేళ్ళ ముద్రలు పడ్డాయి. దులిపితే పోలేదు, తడిగుడ్డతో అద్దితే ఇంకాస్త పాకింది. ఆ భాగం విప్పి, బజారంతా తిరిగి అదే గుడ్డ తెచ్చి మళ్ళీ కుట్టేసరికి ఆమె నడుం పడిపోయింది. ఆ రోజు నుంచి ఇంట్లో ఒక కట్టడి పెట్టింది. ఫ్రాన్సిస్ వీధి గుమ్మంలోంచి రాకూడదు. సందులోంచి దొడ్లోకి వెళ్ళి, స్నానం చేసి, దండెం మీదున్న బట్టలు కట్టుకుని, అప్పుడే లోపలికి రావాలి.

ఫ్రాన్సిస్ దానికేమీ అనుకోలేదు. అసలే తక్కువ మాట్లాడే మనిషి. ఏటా విభూది బుధవారం నాడు చర్చిలో ఫాదర్ నుదుట బూడిద పెడుతుంటే మాత్రం, నేను రోజూ పెట్టుకునే వస్తున్నాను గదా ఫాదర్ అని నవ్వేవాడు.

కూతురు వందన నరసరావుపేటలో డిగ్రీలో చేరి హాస్టలుకు వెళ్ళాక, మొగుడూ పెళ్ళాలిద్దరూ ఊరి చివర, దాచేపల్లి రోడ్డు వైపు చిన్న స్థలం కొన్నారు. నల్లరేగడి నేల. బోరు వేస్తే నీళ్ళు పడ్డాయి గానీ నోట్లో పోసుకుంటే ఒట్టి ఉప్పు. ఆ స్థలం పక్కింటి సుబ్బరత్నం పొలం కౌలుకిచ్చి ఒంటరిగా ఉండే పెద్దావిడ. పరిచయమైన మొదటి రోజే ఆవిడ దయామణిని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి తన ఇంటి గోడ చూపించింది. మోకాలి ఎత్తు దాకా చౌడెక్కి, తెల్లగా పొంగి, సిమెంటు పెచ్చులు పెచ్చులుగా రాలుతోంది. ఒక పిల్లరు లోపలి ఇనప ఊచ తుప్పు పట్టి బయటికి కనబడుతోంది. ఈ నేలలో ఉప్పు ఎంత పెద్ద ఇంటినైనా కిందినుంచి తినేస్తుందనీ, కట్టేటప్పుడే జాగ్రత్త పడమనీ ఆవిడ చెప్పింది.

తన ఇల్లు ఎట్లా ఉండాలో దయామణికి ముందే తెలుసు. పెద్దది కానక్కర్లేదు. రెండు గదులు, వంటిల్లు, చిన్న వరండా, రోడ్డు వైపు కిటికీ ఉన్న మిషను గది. అన్నిటికన్నా ముఖ్యం, ఎక్కడ వేలితో రాసినా వేలికేమీ అంటని ఇల్లు.

పని అయాజ్ మేస్త్రీకి ఒప్పజెప్పారు. చర్చి ప్రహరీ గోడ కట్టింది అతనే. పని శుభ్రం, మాట నిదానం. క్రిస్మస్ వెళ్ళాక పునాదులు తవ్వించాడు. ఫ్రాన్సిస్ ఎప్పుడూ రోడ్ల మీదే ఉంటాడు గనక దగ్గరుండి చూసుకోవడం దయామణి వంతయింది. సిమెంటు దిగిన రోజు ఆమె సంచుల మీద టార్పాలిన్ కప్పిస్తుంటే ఒక సంచి మూల చిరిగి కాస్త సిమెంటు ఒలికింది. అద్దె ఇంటాయన గచ్చు వేయించినప్పుడు తెప్పించిన సిమెంటుకన్నా ఇది ముదురు రంగులో ఉందేమని ఆమె అడిగింది.

"బూడిద కలిపిన సిమెంటు గదక్కా, రంగు అట్టాగే ఉంటది" అన్నాడు అయాజ్, అదేమంత విశేషం కానట్టు.

కొట్టువాడు మోసం చేశాడనుకుంది దయామణి. అప్పటికప్పుడు వెళ్ళి దులిపేద్దామని చెప్పులేసుకుంది. అయాజ్ ఆపి నెమ్మదిగా చెప్పాడు. ఇది కల్తీ కాదనీ, ఫ్యాక్టరీలోనే కలిపి మిల్లులో వేస్తారనీ, ఆ సంగతి సంచి మీద ఇంగ్లీషులో అచ్చు కూడా వేస్తారనీ, ఊళ్ళో సగం గోడలు దీంతోనే లేచాయనీ అన్నాడు. ఆ మాటతో ఆమెకు కోపం తగ్గలేదు, ఇంకా పెరిగింది. మోసమైతే సంచులు తిరగ్గొట్టి వేరేవి తెచ్చుకోవచ్చు. తెలిసి తెలిసి తెప్పించిందంటే ఎవరిని అడగాలి? ఫ్రాన్సిస్‌కు ఫోను చేసింది.

"ఈ సిమెంటులో బూడిద ఉందంటగా. నీకు తెలుసా?"

"తెలుసు. అదే తెప్పించమని అయాజ్‌తో నేనే చెప్పా."

"నాతో ఎందుకు చెప్పలా?"

అవతల ఇంజను మోత వినబడుతోంది. ఆ మోతలోంచే ఫ్రాన్సిస్, "చెప్తే నువ్వు ఒప్పుకోవు గదా దయా" అన్నాడు.

ఫోను పెట్టేసి పని ఆపమంది దయామణి. ఇన్నేళ్ళూ ఏ బూడిదను గుమ్మం బయటే నిలబెట్టిందో దాన్ని ఇప్పుడు తన గోడల్లోకి, తన నెత్తి మీది కప్పులోకి తానే పోయించుకోవాలా? అయాజ్ ఒకటి రెండు మాటలు చెప్పి చూసి, పనివాళ్ళను వేరే చోటికి పంపేశాడు. తవ్విన పునాదులు నోరు తెరుచుకుని అట్లాగే ఉండిపోయాయి. వందన హాస్టల్ నుంచి ఫోను చేసి, అమ్మా నేను నెట్‌లో చూశాను, అది మంచిదే అంది. మీ నాన్న బట్టలు నువ్వు ఉతికితే తెలుస్తది అని దయామణి మాట తుంచేసింది.

రెండు రోజుల తర్వాత ఇంటికొచ్చిన ఫ్రాన్సిస్ వాదన పెట్టుకోలేదు. స్నానం చేసి, అన్నం తిని, చెయ్యి కడుక్కుంటూ ఒక్క మాట అన్నాడు.

"రేపు నాతో బండిలో రా. ఒక్క ట్రిప్పు. అంతా చూసి, అప్పటికీ వద్దంటే సంచులు తిప్పి పంపిద్దాం. నేనేం అనను."

ఇన్నేళ్ళ కాపురంలో దయామణి ఆ బండి ఎక్కలేదు. ఎక్కాలనీ అనుకోలేదు. వద్దనడానికి నోరు తెరిచింది గానీ, ఇతను ఏదైనా అడగడమే అరుదని గుర్తొచ్చి ఊరుకుంది. ఫ్రాన్సిస్ బండి ఓనరుకు ఫోను చేసి అడిగాడు. ఆయన సరేనన్నాడు.

తెల్లవారుతుండగా బయల్దేరారు. పాత చీర కట్టుకుని, తలకు తుండు చుట్టుకుని, యుద్ధానికి వెళ్తున్నట్టు ఎక్కింది దయామణి. క్యాబిన్ చూసి ఆగిపోయింది. అద్దాలు తళతళలాడుతున్నాయి. కాళ్ళ కింద కడిగిన పట్టా, ముందు చిన్న వేళాంగణి మాత బొమ్మ. పక్క కిటికీలకు రంగురంగుల ముక్కలు అతికిన తెరలు. ఆ ముక్కలు ఆమెకు తెలుసు. అద్దాలు తుడుచుకోవడానికి కావాలని అతనడిగితే ఎప్పటికప్పుడు తాను ఇచ్చిన జాకెట్టు ముక్కలే.

"ఎవరు కుట్టారివి?"

"నేనే. లోడింగు కాడ లైన్లో ఉన్నప్పుడు."

కుట్లు అడ్డదిడ్డంగా పోయాయి. కొన్నిచోట్ల దారం రెండు వరసలు తిరిగింది. దయామణి వేలితో ఒక కుట్టు లాగి చూసింది. గట్టిగానే ఉంది. తనతో చెబితే మిషను మీద ఒక పూటలో కుట్టిపెట్టేదాన్నని అనబోయి, బండిలోవి ఏవీ ఇంట్లోకి రాకూడదన్నది తానేనని గుర్తొచ్చి కిటికీలోంచి బయటికి చూసింది.

పిడుగురాళ్ళ సున్నపు బట్టీలు దాటాయి. సత్తెనపల్లి ఇవతల ఒక టీ బంకు దగ్గర ఫ్రాన్సిస్ బండి ఆపాడు. టీ కాచే ఆవిడ దయామణిని ఎగాదిగా చూసి, మిషను కుట్టే వదిన మీరేనా అని అడిగింది. తర్వాత గుంటూరు బైపాసు దగ్గర పంక్చర్లు వేసే అతనూ అదే అడిగాడు. థర్మల్ స్టేషన్ గేటు బయట వరసలో నిలబడ్డ బల్కర్ల డ్రైవర్లలో ఒక పెద్దాయన అయితే, మీ కుట్టు గురించి ఫ్రాన్సిస్ చెప్పగా చెప్పగా మా ఇంటిది మీ దగ్గరికి రావాలని పోరు పెడుతోందమ్మా అన్నాడు. ఆ దారి పొడుగునా తనను అందరూ ఎరుగుదురు. తనకు మాత్రం వాళ్ళలో ఒక్కరి పేరూ తెలియదు. దయామణికి ఎటు చూడాలో తెలియలేదు. సంతోషంగానే ఉంది గానీ, దాంతోపాటు కాస్త సిగ్గుగానూ ఉంది.

వరస కదిలేలోగా ఫ్రాన్సిస్ ఆమెను ఒక దిబ్బ ఎక్కించి అవతలికి చూపించాడు. కంటికి ఆనినంత మేరా బూడిద. అక్కడక్కడా తుమ్మ చెట్లు మొలిచాయి, మధ్యలో నీళ్ళు నిలిచిన మడుగులు మెరుస్తున్నాయి. గాలి లేచినప్పుడల్లా ఎండిన చోట సన్నటి తెర ఒకటి లేచి సద్దుమణుగుతోంది. అవతల దూరంగా ఊరి ఇళ్ళ కప్పులు కనిపిస్తున్నాయి.

"ఇది పాతది" అన్నాడు ఫ్రాన్సిస్. "ఎవురూ తీసుకుపోనిది ఇట్టా తెచ్చి పోస్తారు. ఆ ఊళ్ళో ఆడోళ్ళు బట్టలు బయట ఆరేసుకోడానికి లేదంట గాలి రోజుల్లో. మేం తీసుకుపోయింది పోయినట్టే, ఇక్కడ పడదు."

దయామణి ఆ ఇళ్ళ వైపు చాలాసేపు చూసింది. తన దొడ్లోని దండెం జ్ఞాపకం వచ్చింది. తనకు వచ్చేది ఒక మనిషి ఒంటి మీది బూడిద. వాళ్ళకు వచ్చేది ఈ మైదానం.

పొడి బూడిదను పెద్ద గొట్టం ద్వారా ట్యాంకులోకి వదిలారు. అది పొడిలా పడలేదు, నీళ్ళలా జారింది. ఎంత జాగ్రత్తగా ఉన్నా కాస్త పైకి లేచి అందరి మీదా వాలింది. ఫ్రాన్సిస్ పైకెక్కి మూతలు బిగించి దిగేసరికి అతని కనుబొమలు నెరిసినట్టు తెల్లబడ్డాయి. దయామణి తన తలకు చుట్టుకున్న తుండు విప్పి అతనికిచ్చింది.

సాయంత్రానికి ఫ్యాక్టరీ చేరారు. ప్రతి బండి నుంచీ గుప్పెడు బూడిద తీసి పరీక్ష చేశాకే దింపుకుంటారట. ఆ పని చూసేది ఇరమ్ అనే అమ్మాయి. మాచర్లలో చదివి, గుంటూరులో కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చేసి ఆ ల్యాబులో చేరింది. ఫ్రాన్సిస్ చేతులు కట్టుకుని, మేడం, మా ఆవిడకు ఇల్లు కట్టే సిమెంటు గురించి అనుమానం ఉంది, మీరైతే వివరంగా చెప్తారని తీసుకొచ్చా అన్నాడు. ఆ పిల్ల రండి ఆంటీ అని కుర్చీ వేసింది.

మొదట మైక్రోస్కోపు కింద చిటికెడు బూడిద వేసి చూడమంది. దయామణి కన్ను ఆనించింది. అంతా గరుకుగా ముక్కలు ముక్కలుగా ఉంటుందనుకుంది. తీరా చూస్తే గుండ్రటి పూసలు. పెద్దవీ చిన్నవీ, గాజులా మెరుస్తూ, జాకెట్ల మీద తాను కుట్టే పూసలను ఎవరో గుప్పెళ్ళతో చల్లినట్టు. తల ఎత్తి మళ్ళీ వంగి చూసింది. ఈ పూసల వల్లే కాంక్రీటు తేలిగ్గా జారి మూలమూలలకూ సర్దుకుంటుందనీ, గోడ నున్నగా తేలుతుందనీ ఇరమ్ చెప్పింది.

దయామణికి అడగవలసింది అది కాదు. "చూడమ్మా, కాలి బూడిదైంది మళ్ళీ ఏం పట్టుకుంటది? సిమెంటు తగ్గించి ఇది కలిపితే బలం తగ్గదా?"

ఇరమ్ నవ్వలేదు. "తగ్గుద్ది ఆంటీ, మొదట్లో" అంది. గోడవారన నీళ్ళ తొట్టిలో వరసగా ఉన్న సిమెంటు దిమ్మల్లోంచి రెండు తెప్పించింది. రెండూ ఒకే రోజు పోసినవి, వారం నాటివి. ఒకటి మామూలు సిమెంటుది, ఒకటి బూడిద కలిసింది. మిషను కింద పెట్టి నొక్కితే బూడిద కలిసిందే ముందు పగిలింది. దయామణి ఫ్రాన్సిస్ వైపు చూసింది. తర్వాత ఇంకో రెండు దిమ్మలు తెప్పించింది ఇరమ్. ఇవి కిందటి వేసవిలో పోసినవి, అప్పటినుంచీ నీళ్ళలోనే ఉన్నాయి. ఈసారి మామూలుది ముందు పగిలింది. రెండోది మిషను ముల్లు ఇంకా ముందుకు పోయాక గానీ పగల్లేదు.

సిమెంటు నీళ్ళతో కలిసి గట్టిపడేటప్పుడు కొంత సున్నం విడుదలవుతుందనీ, మామూలు సిమెంటులో అది ఏ పనీ లేకుండా ఉండిపోతుందనీ, నేలలో ఉప్పు, తేమ వచ్చి ముందు దాన్నే కొరుకుతాయనీ ఆ పిల్ల వివరించింది. బూడిదకు తనంతట తానుగా పట్టు లేదు. ఆ సున్నం దొరికితే దాంతో కలిసి పట్టు తెచ్చుకుంటుంది. సందులన్నీ పూడుకుంటాయి. ఉప్పునీళ్ళు లోపలి ఇనుము దాకా అంత తేలిగ్గా పోలేవు. పోసినప్పుడు వేడి కూడా తక్కువ పుడుతుంది గనక పగుళ్ళు తక్కువ. కాకపోతే ఇదంతా నిదానంగా జరుగుతుంది.

"దీనికి కావాల్సింది రెండే ఆంటీ, నీళ్ళు, టైము. స్లాబుకైతే మూడు వారాలన్నా పట్టుద్ది. నాలుగు రోజులు తడిపి వదిలేసి, తొందరపడి సెంట్రింగ్ ఇప్పేస్తే మాత్రం మీ అనుమానమే నిజమవుద్ది. ఎవరన్నా బూడిద తెచ్చి ఇంటి దగ్గర కలుపుతామన్నా ఒప్పుకోవద్దు. ఇక్కడ కొలిచి, సన్నగా మర పట్టింది వేరు."

ఇంటికొచ్చి వీధి దీపం వెలుగులో ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. ఇద్దరూ ఒకే రంగులో ఉన్నారు. దయామణి వీధి గుమ్మం వైపు రెండడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరిగి సందులోకి నడిచింది. ఫ్రాన్సిస్ ఫక్కున నవ్వాడు. ఆమెకూ నవ్వాగలేదు. దొడ్లో ఒకరి తర్వాత ఒకరు స్నానం చేసేసరికి నీళ్ళ తొట్టి ఖాళీ అయింది.

మర్నాడు ఆమె అయాజ్‌ను పిలిపించి సంచులు విప్పమంది. ఒక షరతు పెట్టింది. కాంక్రీటులో బోరు నీళ్ళు పడకూడదు, సాగర్ కాలువ నీళ్ళ ట్యాంకరే తెప్పించాలి. తడపడం ఎవరికీ వదలదు, తానే చూసుకుంటుంది. అయాజ్ తల ఊపాడు గానీ, నాలుగు రోజులకు విసిగిపోతుందిలే అనుకున్నాడు.

ఆమె విసిగిపోలేదు. పునాది, పిల్లర్లు, గోడలు, ఏది లేచినా దానికి తడి గోనెపట్టాలు చుట్టించి పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం పైపు పట్టుకునేది. చేతి కుట్టు పని అక్కడికే తెచ్చుకుని, సుబ్బరత్నం ఇంటి అరుగు మీద కూర్చుని పూసలు కుడుతూ, గోనె ఆరిన చోట కనబడగానే లేచి వెళ్ళేది. ఎండలు ముదురుతున్నాయి. పల్నాడు ఎండకు గోనె పిండినంత సేపట్లో ఆరిపోతుంది. చంటిపిల్లను సాకినట్టు సాకుతున్నావే అనేది సుబ్బరత్నం. అంటూనే ఒక్కోసారి తానే లేచి పైపు అందుకునేది.

స్లాబు పోసిన మర్నాడు అయాజ్ దాని మీద బంకమట్టితో చిన్న చిన్న గట్లు వేయించాడు. వరి మళ్ళలా తయారైన ఆ గళ్ళలో నీళ్ళు నిలబెట్టారు. గోరింకలు వచ్చి ఆ నీళ్ళలో జలకాలాడేవి. దయామణి రోజూ నిచ్చెన ఎక్కి, తగ్గిన గళ్ళలో నీళ్ళు నింపి, పిట్టలు ఎగిరిపోయేవరకూ ఆగి దిగేది. ఆ కాసేపూ ఆమెకు హాయిగా ఉండేది. కింద సెంట్రింగ్ కోసం పెట్టిన సర్వీ కర్రలు అడవిలా నిలబడి స్లాబును మోస్తున్నాయి.

రెండో వారం నడుస్తుండగా అయాజ్ వచ్చాడు. కారంపూడిలో ఇంకో స్లాబు పని ఒప్పుకున్నాననీ, కర్రలన్నీ ఇక్కడే ఉన్నాయనీ, ఇక విప్పేద్దామనీ అన్నాడు.

"అక్కా, వేరే సిమెంటు అయితే ఈపాటికి నేనెప్పుడో ఇప్పేసేవోడిని."

"ఇది వేరే సిమెంటు కాదుగా తమ్ముడూ. మూడో వారం దాటనీ."

అయాజ్ నసిగి వెళ్ళిపోయాడు. ఆదివారం దయామణి చర్చిలో పూజ నుంచి వచ్చి చూసేసరికి ఇద్దరు పనివాళ్ళు వరండా చివర కర్రలు లాగుతున్నారు. అప్పటికే కొన్ని నేల మీద పడి ఉన్నాయి. చర్చికి కట్టుకున్న చీరతోనే ఆమె వెళ్ళి ఆ కర్రల మధ్య నిలబడింది. కేకలేమీ వేయలేదు. తీసినవి తీసినట్టే మళ్ళీ నిలబెట్టి, గట్టిగా బిగించి వెళ్ళమంది. వాళ్ళు మేస్త్రీ పంపాడన్నారు. మేస్త్రీకి నేను చెప్తాలే, ముందు నిలబెట్టండి అంది. వాళ్ళు నిలబెట్టే దాకా కదల్లేదు. వాళ్ళు వెళ్ళాక నిచ్చెన వేసుకుని, కర్రలు తీసిన మేర స్లాబు అంచంతా వేళ్ళతో తడిమి చూసింది. ఎక్కడా పగులు లేదు. అప్పుడు గానీ ఆమె నిచ్చెన దిగలేదు.

సాయంత్రం అయాజ్ వచ్చాడు. కారంపూడి వాళ్ళు పొద్దుటినుంచి పోరుతున్నారట. తప్పయిందక్కా, వరండా చిన్నది గదా ఏం కాదనుకున్నా అన్నాడు, తల దించుకుని. అతన్ని తిట్టాలని దాచుకున్న మాటలు దయామణి పక్కన పెట్టింది. అతనికీ పని ఆగింది. ఫ్రాన్సిస్‌కు ఫోను చేసి సంగతంతా చెప్పింది.

"ఇప్పనీయమాక. కర్రల సంగతి నేను చూస్తా" అన్నాడు ఫ్రాన్సిస్.

రోడ్డు మీద అతనికి తెలియని మనిషి లేడని దయామణి కళ్ళారా చూసిందే. సత్తెనపల్లి టీ బంకావిడ తమ్ముడికి సెంట్రింగ్ సామాను అద్దెకిచ్చే షెడ్డు ఉంది. మర్నాడు ఖాళీగా తిరిగొస్తున్న లారీ ఒకటి ఆ కర్రలు వేసుకుని నేరుగా కారంపూడి వెళ్ళింది. అయాజ్ ఆ సాయంత్రం ఫోను చేసి, ఇక మీ ఇష్టమక్కా, ఎన్నాళ్ళయినా ఉంచుకోండి అన్నాడు.

మూడో వారం దాటాక, ఫ్రాన్సిస్‌కు సెలవు దొరికిన రోజు చూసి సెంట్రింగ్ విప్పారు. వందన కూడా హాస్టల్ నుంచి వచ్చింది. కర్రలు ఒక్కొక్కటే బయటికి వస్తుంటే అప్పటిదాకా చీకటిగా, ఇరుకుగా ఉన్న చోటు గదిగా విచ్చుకుంది. కర్రల మీద పరిచిన రేకులు ఊడదీసేసరికి పైన కప్పు నున్నగా, ముదురు బూడిదరంగులో బయటపడింది. ఎక్కడా తేనెపట్టులా చిల్లులు లేవు. అయాజ్ చిన్న సుత్తితో నాలుగు మూలలా కొట్టి చూశాడు. ఖంగుమంది. ఆ మోతకు అతని మొహం విప్పారింది. ఇంత తడి తాగిన స్లాబును తాను చూడలేదనీ, కారంపూడి వాళ్ళకూ ఇట్లాగే తడపమని చెప్పి వచ్చాననీ అన్నాడు.

సుబ్బరత్నం వచ్చి గోడల మొదళ్ళు వంగి వంగి చూసింది. ఇప్పుడే ఏం తెలుస్తుంది, నాలుగు వానలు పడనీ అని తానే అని, తన ఇంటి గోడకు కొట్టించాల్సిన సిమెంటు ఏదో అయాజ్‌ను పక్కకు పిలిచి అడిగింది. అతను, ముందు చౌడంతా గోకించి కడిగించాలి పెద్దమ్మా, తర్వాత సిమెంటు మాట అన్నాడు. నీళ్ళు కొట్టడానికి మాత్రం ఈ పిల్లనే పిలుచుకుంటానంది సుబ్బరత్నం, దయామణి భుజం మీద చెయ్యి వేసి.

ఈస్టర్ వెళ్ళాక ఇల్లు దీవించడానికి ఫాదర్ ఒప్పుకున్నాడు. తలుపులు, గచ్చు, సున్నాల పని ఇంకా మిగిలి ఉంది. గోడలకు ఏ రంగు వేయాలో వందన ఫోనులో చూపిస్తుంటే, దయామణి తెల్లదాని దగ్గర కాసేపు ఆగి, కప్పును మాత్రం ఇట్లాగే ఉంచుదాం, రంగు వద్దు అంది. వందన ఆశ్చర్యపోయి నాన్న వైపు చూసింది. ఫ్రాన్సిస్ నవ్వు దాచుకోవడానికి మొహం తిప్పుకున్నాడు.

మధ్యాహ్నం సుబ్బరత్నం గోంగూర పచ్చడి, మజ్జిగ తెచ్చింది. దయామణి తెచ్చిన అన్నం, కోడికూరతో అందరూ మిషను గది కాబోయే చోట గోనెపట్టాలు పరుచుకుని తిన్నారు. పైన స్లాబు మీద ఇంకా నీళ్ళున్నాయి గనక గది చల్లగా ఉంది. బయట ఎండ మండిపోతోంది. అయాజ్ పనివాళ్ళతో కర్రలు లెక్క చూసుకోవడానికి వెళ్ళాడు. వందన పెద్దావిడతో కలిసి గిన్నెలు కడగడానికి వెళ్ళింది. ఫ్రాన్సిస్ తల కింద చెయ్యి పెట్టుకుని ఆ గోనెల మీదే ఒరిగి, రెండు మాటలు మాట్లాడి మూడో మాటలో నిద్రపోయాడు.

దయామణి మెడలో టేపు తీసి కిటికీ కొలిచింది. తర్వాత మిషను ఎక్కడ పడుతుందో చూద్దామని కిటికీ కింది నేల కొలవబోయింది. అక్కడే ఫ్రాన్సిస్ పడుకుని ఉన్నాడు. లేపబుద్ధి కాలేదు. సాయంత్రం కొలుచుకోవచ్చని టేపు మళ్ళీ మెడలో వేసుకుని, అతనికి కాస్త ఎడంగా గోడకు జారగిలబడి కూర్చుని, కాళ్ళు చాపుకుంది.